కంటి పుస్తకం, చేతి పుస్తకం

ఆస్టిన్ ఏ-సిరీస్ ఇంజన్ ముందు భాగంలో, సిలిండర్ హెడ్డుకీ వాటర్ పంపుకీ మధ్య, వేలెడంత పొడవు కూడా లేని రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. బైపాస్ హోసు అంటారు దాన్ని. ఇంజన్ ఇంకా వేడెక్కనప్పుడు థర్మోస్టాట్ మూసుకుని ఉండి నీళ్లను రేడియేటర్ వైపు పోనివ్వదు. అప్పుడు హెడ్డులోని నీళ్లు మళ్లీ పంపులోకి చేరే దారి ఈ గొట్టమే. 1958 నాటి ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌లో ఇది ఉంది, మోరిస్ మైనర్‌లో ఉంది, 1959లో వచ్చిన మినీలో ఉంది. కొనబోతే చవక. రబ్బరు ఎండి చిట్లి నీళ్లు కారడం మొదలైతే మాత్రం ఎంత నేర్పరినైనా విసిగిస్తుంది. గొట్టం తొడగాల్సిన మూతులు రెండూ కదలవు, ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య ఖాళీ కంటే గొట్టం పొడవు ఎక్కువ. పాత పద్ధతి ప్రకారం మార్చాలంటే వాటర్ పంపైనా ఊడదియ్యాలి, హెడ్డైనా లేపాలి. మినీలో ఇంజన్ అడ్డంగా కూచుంటుంది. రేడియేటర్ ఇంజన్ పక్కన, చక్రం మీది లోపలి గోడకు ఆనుకుని ఉంటుంది. పంపు దాకా చెయ్యి పోవాలంటే ముందు రేడియేటర్ దించాలి. అరచేతిలో ఇమిడే రబ్బరు ముక్క కోసం ఒక ఆదివారం మొత్తం పోతుంది.

కారు మరమ్మతు పుస్తకాన్ని అంచనా వెయ్యాలంటే ఇలాంటి గొట్టం దగ్గరే వెయ్యాలని నా నమ్మకం. ఆయిల్ మార్చడం, ఎయిర్ ఫిల్టర్ దులపడం ఏ పుస్తకమైనా చెబుతుంది. కన్ను చేరని చోట, రెండు వేళ్లు మాత్రమే దూరే చోట, పానా తిరగడానికి చుట్టులో ఎనిమిదో వంతు కూడా జాగా లేని చోట పుస్తకం ఏం చెబుతుందన్నదే అసలు పరీక్ష. ఇంటి దగ్గర పనిచేసుకునేవాడికి లిఫ్టు ఉండదు, కంపెనీ ప్రత్యేకంగా చేయించిన పనిముట్లు ఉండవు, పక్కన మేస్త్రి ఉండడు. ఉన్నదల్లా జాకీ, స్టాండ్లు, ఒక సాకెట్ సెట్టు, ఒక పుస్తకం. ఆ పుస్తకాల్లో పేరు మోసినవి రెండు. ఒకటి ఇంగ్లండులో జాన్ హేన్స్ మొదలుపెట్టిన మాన్యువళ్ల వరస. రెండోది అమెరికాలో జాన్ మ్యూర్ రాసిన ‘హౌ టు కీప్ యువర్ ఫోక్స్‌వ్యాగన్ అలైవ్’. రెండూ 1960ల రెండో సగంలో పుట్టాయి. రెండిటి ఉద్దేశమూ ఒకటే: గ్యారేజి మెట్లు ఎక్కకుండా మామూలు మనిషి తన కారు తానే బాగుచేసుకోగలగాలి. కానీ చెయ్యి దూరని చోటుకి చేర్చే దారి దగ్గర రెండూ విడిపోతాయి.

హేన్స్ కథ ముందు చూద్దాం. ఆయన 1938లో పుట్టాడు. బడిలో చదువుకుంటూనే ఆస్టిన్ 7 మీద సొంతంగా స్పోర్ట్సు కారు కట్టి, అది ఎలా కట్టాడో 1956లో చిన్న పుస్తకంగా వేశాడు. తర్వాత బ్రిటిష్ వైమానిక దళంలో చేరాడు. 1965లో ఏడెన్‌లో ఉన్నప్పుడు తోటి ఉద్యోగి ఒకాయన ఓ పాడైపోయిన స్ప్రైట్ కొనుక్కుని సాయం అడిగాడు. కంపెనీ ఇచ్చిన పుస్తకం మామూలు మనిషి కోసం రాసింది కాదని హేన్స్‌కి అక్కడే అర్థమైంది. ఇంజన్ విప్పుతూ, బిగిస్తూ, దశ దశకీ ఫొటో తీశాడు. ఆ ఫొటోలతో 1966లో మొదటి హేన్స్ మాన్యువల్ వచ్చింది. మొదటి ముద్రణ 3000 కాపీలు మూడు నెలలు తిరక్కుండానే అయిపోయాయి. ఆ తర్వాత దశాబ్దాల్లో ఈ మాన్యువళ్లు ప్రపంచమంతటా కలిపి 20 కోట్లకు పైగా అమ్ముడుపోయాయి.

ఆ విజయం వెనక ఒక నిజాయితీ ఉంది. కంపెనీ పుస్తకం రాసేవాడు డ్రాయింగ్ బల్ల ముందు కూచుని, లిఫ్టు మీద లేపిన కొత్త కారునీ, గోడ నిండా వేలాడే ప్రత్యేక పనిముట్లనీ ఊహించుకుని రాస్తాడు. హేన్స్ మాన్యువల్ రాసినవాళ్లు నిజంగా ఒక పాత కారు కొనుక్కొచ్చి, నట్టు నట్టూ విప్పి, తిరిగి బిగించి, మామూలు పనిముట్లతో ఎక్కడ కుదిరిందో ఎక్కడ కుదరలేదో చూసి రాశారు. ఫొటోలో కనిపించే చేతులకి నిజంగానే గ్రీజు అంటింది. తర్వాతి కాలపు పుస్తకాల్లో ప్రతి పనికీ కష్టాన్ని బట్టి ఒకటి నుంచి ఐదు దాకా పానా బొమ్మలు వేశారు. ఒక పానా ఉంటే కొత్తవాడు కూడా చెయ్యొచ్చు, ఐదుంటే ముట్టుకోకపోవడం మేలు. ఇది చిన్న విషయం కాదు. చెయ్యకూడని పనేదో ముందే తెలియడం ఇంటి మెకానిక్‌కి చాలా పెద్ద సాయం.

మ్యూర్ ఇంకో రకం మనిషి. 1918లో పుట్టాడు, స్ట్రక్చరల్ ఇంజినీరు. ఉద్యోగం వదిలేసి న్యూ మెక్సికోలోని టావోస్‌లో గ్యారేజి పెట్టి ఫోక్స్‌వ్యాగన్లు బాగుచేస్తూ బతికాడు. 1969లో తన పుస్తకం తానే వేసుకున్నాడు. పేజీలు పూర్తిగా పరుచుకుని నిలవాలని, నేల మీద కారు పక్కన తెరిచి పెడితే మూసుకుపోకూడదని స్పైరల్ బైండింగ్ చేయించాడు. ఫొటో ఒక్కటీ లేదు. పీటర్ అష్వాండెన్ చేత్తో గీసిన బొమ్మలు ఉన్నాయి. భాగాలన్నీ విడదీసి గాల్లో వరసగా వేలాడదీసినట్టు గీసిన బొమ్మలవి. చూస్తే ఏది దేంట్లో దూరుతుందో తెలిసిపోతుంది. ఈ పుస్తకం 20 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. హేన్స్ వందల మోడళ్ల మీద సంపాదించిన పేరుని మ్యూర్ ఒకే వంశపు కార్ల మీద, ఒకే పుస్తకంతో సంపాదించాడు. 1977లో చనిపోయాడు.

రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే మొదట కొట్టొచ్చినట్టు కనిపించేది గొంతు. హేన్స్ ఆజ్ఞ ఇస్తుంది: ఇది విప్పు, అది తియ్యి, దీన్ని పక్కన పెట్టు. ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు, తెలియాల్సిన అవసరం లేదనుకుంటుంది. మ్యూర్ ఎదురుగా కూచుని మాట్లాడతాడు. పని మొదలుపెట్టే ముందు అధ్యాయం మొత్తం ఒకసారి చదవమంటాడు. ఏ పనిముట్లు ఇప్పుడే కొనాలో, ఏవి పని నేర్చుకున్నాక కొనాలో, ఏవి దీన్నే నమ్ముకున్నవాడు కొనాలో మెట్లుగా విడగొట్టి చెబుతాడు. కారు కొనేటప్పుడు కూడా కాస్త దూరంగా కూచుని, చూసినదీ విన్నదీ వాసన పట్టినదీ మనసులో నెమరేసుకుని అప్పుడు తేల్చుకోమంటాడు. ఇదంతా ఆ కాలపు హిప్పీల ధోరణి అని తీసిపారేసినవాళ్లున్నారు. నేను తీసిపారెయ్యలేను. చెవినీ ముక్కునీ వేలికొసనీ పనిముట్లుగా లెక్కేసిన రచయిత చీకటి మూలలోకి దారి చూపగలడు. కెమెరా ఒక్కదాన్నే నమ్మినవాడు అక్కడికి చేరలేడు.

మళ్లీ బైపాస్ హోసు దగ్గరికి వద్దాం. హేన్స్ మాన్యువళ్లలో బాగా పేరుపడ్డ సూచన ఒకటుంది. విప్పడం గురించి పది అంకెలు వేసి పది అడుగులు రాస్తారు. బిగింపు దగ్గరికొచ్చేసరికి, విప్పిన క్రమానికి ఎదురు క్రమంలో బిగించుకోమని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. దాని కింద కొత్త గాస్కెట్ వెయ్యమనీ, ఫలానా టార్కు దాకా బిగించమనీ రెండు మూడు జాగ్రత్తలు చేరుస్తారు. వాటిని కాదనను. కానీ ఆ వాక్యం కాగితం ఆదా చేసింది, దాని ఖర్చు చదివేవాడి మీద పడింది. విశాలంగా ఉన్న చోట అది నిజమే. బానెట్ తెరవగానే కనిపించే ఆల్టర్నేటర్‌ని విప్పినట్టే బిగించొచ్చు. ఇరుకు చోట మాత్రం అది నిజం కాదు. పాత బైపాస్ హోసు తియ్యడానికి కత్తి చాలు. రెండు క్లిప్పులు వదులు చేసి, గొట్టాన్ని నిలువునా కోస్తే నిమిషంలో ఊడి చేతికొస్తుంది. కొత్తది పెట్టడం దానికి ఎదురు క్రమం ఎలా అవుతుంది? కోసిన రబ్బరు తిరిగి అతుక్కోదు. తియ్యడానికి బలం చాలు. పెట్టడానికి గొట్టం కుంచించుకోవాలి, వంగాలి, రెండు మూతుల మీద ఒకేసారి ఎక్కాలి, క్లిప్పుల మరలు స్క్రూడ్రైవర్ పోయే వైపుకే తిరిగి ఉండాలి.

దీనికి సులువైన దారి కనిపెట్టారు. మెలికల గొట్టం అనొచ్చు దాన్ని, హార్మోనియం తిత్తిలా మడతలు మడతలుగా ఉంటుంది. వేడి నీళ్లలో కాసేపు నానబెడితే రబ్బరు మెత్తబడుతుంది. క్లిప్పులు రెండూ ముందే గొట్టం మీదికి ఎక్కించి నడిమికి జరిపి పెట్టుకోవాలి, లేకపోతే తర్వాత ఎక్కించే దారి ఉండదు. మూతుల మీది పాత రబ్బరు తుక్కునీ తుప్పునీ గీకి శుభ్రం చెయ్యాలి. లోపలి అంచుకి కాస్త సబ్బు నీళ్లు రాసి, బొటనవేలితో మడతల్ని దగ్గరికి నొక్కి పట్టి, కింది మూతి మీద పూర్తిగా కూర్చోబెట్టాలి. అప్పుడు పై అంచుని పై మూతి కిందికి తెచ్చి వదిలితే గొట్టం తనంతట తానే సాగి పైకి ఎక్కడం మొదలవుతుంది. మిగతాది వేలితో చుట్టూ తడుముతూ ఎక్కించాలి. ఎక్కిందా లేదా అన్నది కంటికి తెలియదు, వెనక వైపు అంచు వేలికి సమంగా తగిలితే ఎక్కినట్టు. పంపు ముట్టుకోలేదు, హెడ్డు లేపలేదు. దీనికీ ఓ మూల్యం ఉంది. మడతల దగ్గర రబ్బరు ముందుగా చిట్లుతుంది, అందుకే మామూలు గొట్టమే మేలనే మినీ యజమానులు చాలామంది ఉన్నారు. పంపు ఎలాగూ పాతదైతే, బేరింగు అప్పటికే గరగరమంటుంటే, సులువైన దారి ఇక్కడ తప్పుడు దారి. పంపు విప్పి రెండూ మార్చుకోవడమే పద్ధతి.

ఈ గొట్టాన్నే లేకుండా చేసి, మూతులు మూసేసేవాళ్లు కూడా ఉన్నారు. అలా మూస్తే థర్మోస్టాట్ రేకుకి చిన్న చిన్న రంధ్రాలు వెయ్యాలి, లేకపోతే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లు హెడ్డులో కదలకుండా నిలిచిపోతాయి. చివరి సంవత్సరాల కొన్ని మినీల్లో ఫ్యాక్టరీయే ఈ గొట్టం తీసేసింది. పనిని సులువు చేసుకోవడానికీ, భాగం చేసే పనిని కాదనడానికీ మధ్య గీత ఇక్కడ సన్నగా ఉంది. మరమ్మతు పుస్తకం ఆ గీతని గట్టిగా గియ్యాలి. భాగం ఎందుకుందో చెప్పకుండా దాన్ని ఎలా మార్చాలో మాత్రమే చెప్పే పుస్తకం పాఠకుణ్ని సగం దారిలో వదిలేస్తుంది. ఈ విషయంలో మ్యూర్‌ది పైచెయ్యి. ఇంజనీరు కాబట్టి ప్రతి అధ్యాయంలో ఆ భాగం పని ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో ముందు వివరించి, ఆ తర్వాతే పానా పట్టిస్తాడు. హేన్స్‌లో కూడా అధ్యాయం మొదట వివరణ ఉంటుంది, కానీ అది అడుగుల్లోకి దిగదు. పాఠం అయిపోయింది, ఇక పని అన్నట్టు ఉంటుంది.

ఇప్పుడు బీటిల్. ఈ కారులో ఇంజన్ వెనక ఉంటుంది, నాలుగు సిలిండర్లు రెండు వైపులా పడుకుని ఉంటాయి. వెనక నిలబడి మూత తెరిస్తే రెండో ప్లగ్గు, నాలుగో ప్లగ్గు ఇవతల ఉంటాయి. ఒకటోది, మూడోది అవతల, ఫ్యాన్ హౌసింగ్ చాటున. మూడో సిలిండర్‌కి ఇంకో కష్టం కూడా ఉంది. పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్ ఫ్యాన్ హౌసింగ్ లోపలే, ఆ సిలిండర్‌కి పోయే గాలికి అడ్డంగా ఉండేది. చల్లదనం తగ్గి మూడో సిలిండర్ వాల్వు ముందుగా కాలిపోయేది. 1971 నుంచి కూలర్‌ని హౌసింగ్ బయటికి మార్చారు. అందరికంటే ఎక్కువ శ్రద్ధ కావాల్సిన సిలిండర్ అందరికంటే చేరడానికి కష్టమైన చోట ఉందన్నమాట. దాన్ని చూడ్డానికి బద్ధకించినవాడి ఇంజనే ముందు పాడవుతుంది. అందుకే ఇక్కడ సులువైన దారి కనిపెట్టడం సోమరితనం కాదు. పని జరగాలంటే అదే మార్గం.

ఆ మూడో ప్లగ్గు విప్పడం పెద్ద విషయం కాదు. ప్లగ్గు సాకెట్, పొట్టి ఎక్స్‌టెన్షను, ఒక యూనివర్సల్ జాయింటు ఉంటే చూడకుండానే విప్పొచ్చు. ప్రమాదమంతా బిగింపులో ఉంది. ప్లగ్గు మర ఉక్కు, హెడ్డు అల్యూమినియం. వంకరగా మొదలుపెట్టి పానాతో తిప్పితే ఉక్కు గెలుస్తుంది, హెడ్డులో మర పోతుంది. పాతిక రూపాయల పనికి హెడ్డు దించాల్సొస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వాళ్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది: జానెడు రబ్బరు గొట్టం ముక్క తీసుకుని ప్లగ్గు పైభాగానికి బిగువుగా తొడగాలి. గొట్టాన్ని పట్టుకుని ప్లగ్గుని రంధ్రంలోకి పంపి, ముందు ఎడమకి నెమ్మదిగా తిప్పాలి. మర మొదటి చుట్టు దాటి కిందికి జారినప్పుడు వేళ్లకి టక్కుమని చిన్న అదురు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పాలి. మర సరిగ్గా పట్టకపోతే గొట్టం ప్లగ్గు మీద జారిపోతుంది గానీ బలం పెట్టదు. రబ్బరు మెత్తదనమే అక్కడ కాపలా. చేత్తో పోయినంత మేరా పోయాక చివర్లో మాత్రం సాకెట్‌తో బిగించాలి. ఈ చిట్కాని ఫొటో తీసి చూపించండి, గొట్టం పట్టుకున్న చెయ్యి తప్ప ఏమీ కనిపించదు. వేళ్లకి తగిలే ఆ అదురు మాటల్లోనే పాఠకుడి దాకా వస్తుంది.

నా వాదనంతా ఈ ఒక్క చోట నిలుస్తుంది. హేన్స్ కంటి కోసం రాసిన పుస్తకం. మ్యూర్ చేతి కోసం రాశాడు. ఇరుకు చోట పనిచేసేది చెయ్యి.

బీటిల్ ఇంజన్ దించే పనిలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ఇంజన్‌ని గేరుబాక్సుకి పట్టి ఉంచేవి నాలుగే. కింది రెండు నట్లు నేల మీద పడుకుంటే ఎదురుగా ఉంటాయి. పై రెండిటి దగ్గర కన్ను పనికిరాదు. ఇంజన్ గదిలోకి వంగి, ఫ్యాన్ హౌసింగ్ పక్కనుంచి మోచెయ్యి దాకా దూర్చి, 17 మిల్లీమీటర్ల నట్టుని వేళ్లతో వెతుక్కోవాలి. పాత మోడళ్లలో నట్టు తిప్పుతుంటే అవతల బోల్టు కూడా తిరుగుతుంది. ఒకరు కారు కింద దూరి బోల్టు తల పట్టుకోవాలి, ఒకరు పైనుంచి నట్టు విప్పాలి. ఇద్దరూ ఒకరికొకరు కనపడరు. పట్టుకున్నావా, వదులు, ఇంకొంచెం అని అరుచుకోవడమే. మ్యూర్ ఆ రెండో మనిషిని పనిలో భాగం చేసి రాస్తాడు. ఒంటరిగా చెయ్యలేని పనిని ఒంటరిగా చెయ్యొచ్చన్నట్టు నటించడు. తిరిగి బిగించేటప్పుడు నట్టు జారి గేరుబాక్సు చాటున పడిపోతే అరపూట వెతుకులాట తప్పదు. రింగు పానా గుంటలో చిటికెడు గ్రీజు పెట్టి నట్టుని అందులో అతికించి పంపితే పడిపోదు. మన ఆటోనగర్ కుర్రాడు ఎవరూ చెప్పకుండానే ఈ పని చేస్తాడు.

మ్యూర్‌ని నెత్తిన పెట్టుకుని హేన్స్‌ని దించెయ్యడం నా ఉద్దేశం కాదు. మ్యూర్ పుస్తకంలో పెద్ద లోపాలున్నాయి. చేతులకి గ్రీజు నిండి, ఇంజన్ సగం విప్పి, ఒక్క టార్కు అంకె కోసం వెతికేవాడికి ఆ కబుర్ల పేజీలు అడ్డం. హేన్స్ ప్రతి అధ్యాయం మొదట్లో కొలతలన్నీ పట్టికగా పెడుతుంది, వేలు పెట్టి చూసుకోవచ్చు. వాల్వుకీ రాకర్‌కీ మధ్య సందు తర్వాతి బీటిల్ ఇంజన్లలో చల్లగా ఉన్నప్పుడు 0.15 మిల్లీమీటర్లు ఉండాలి. ఇది కథలో భాగంగా చెప్పాల్సిన సంగతి కాదు, గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన సంగతి. ఇంకోటి, మ్యూర్ చేతి పాండిత్యం ఒక్క కారుకే కట్టుబడింది. అంత ప్రేమగా, అంత లోతుగా రాయాలంటే ఒకే కారుతో ఏళ్ల తరబడి బతకాలి. వందల మోడళ్లకి అలాంటి పుస్తకం రావడం అసాధ్యం. ఏదో ఓ మామూలు కారు కొనుక్కున్న సంసారికి దిక్కుగా నిలబడింది హేన్స్ లాంటి పుస్తకాలే. ఆ రుణం మర్చిపోకూడదు.

దారి వెతకడంలో కూడా హేన్స్‌కి తనదైన వివేకం ఉంది. అడ్డంగా ఉన్నది తీసెయ్యి అన్నదే దాని సూత్రం. వంకర చేతులతో గంటలు పోరాడే బదులు, సంబంధం లేనట్టు కనిపించే ఒక భాగాన్ని తీసేస్తే తిన్నని దారి పడుతుంది. ఇది ఇప్పటి కార్లలో మరీ నిజం. అమెరికాలో తెలుగు ఇళ్ల ముందు తరచూ కనిపించే టయోటా సియెన్నానే తీసుకోండి. 2020 మోడల్ దాకా వచ్చినవాటిలో వీ6 ఇంజన్ అడ్డంగా కూచుంటుంది. ముందు వరస ప్లగ్గులు మూడూ చేతికందుతాయి, వెనక వరస మూడూ క్యాబిన్ గోడ వైపు, ఇన్‌టేక్ మ్యానిఫోల్డు కింద చీకట్లో ఉంటాయి. ఇరిడియం ప్లగ్గులు 1,20,000 మైళ్ల దాకా వస్తాయి కాబట్టి పదేళ్ల పాటు ఎవరూ ఆ వైపు చూడరు. చూడాల్సొచ్చినప్పుడు గ్యారేజి చెప్పే కూలి విని చాలామంది ఇంట్లోనే చేసుకుందామనుకుంటారు.

మొదటి ఆలోచన ఇంజన్ మీదుగా వంగి, మ్యానిఫోల్డు వెనక చెయ్యి దూర్చి, తడుముకుంటూ చెయ్యడం. పొడుగు చేతులున్నవాళ్లలో అలా చేసినవాళ్లున్నారు. నేనైతే వద్దంటాను. పదేళ్ల వేడికి ఇగ్నిషన్ కాయిల్ కనెక్టర్ ప్లాస్టిక్కు పెళుసైపోయి ఉంటుంది. దాని నాలుకని కంటితో చూసి నొక్కకపోతే విరుగుతుంది. కాయిల్ పట్టి ఉంచే 10 మిల్లీమీటర్ల బోల్టు జారితే ఎక్కడ పడిందో తెలియదు. వైపర్ చేతులు రెండూ విప్పి, అద్దం కింద ఉన్న ప్లాస్టిక్ కౌల్ తీసి, వైపర్ మోటారు, దాని కింద రేకు తీస్తే వెనక వరస మీద వెలుతురు పడుతుంది. అవసరమైతే అప్పుడు మ్యానిఫోల్డు పై భాగం కూడా తీసుకోవచ్చు, దాని బోల్టులు ఎదురుగా ఉంటాయి. కొత్త గాస్కెట్ ముందే తెచ్చుకుని పెట్టుకోవాలి, తెరిచిన రంధ్రాల్లో శుభ్రమైన గుడ్డ కుక్కి పెట్టాలి. చూడ్డానికి పని పెరిగినట్టుంటుంది. కానీ ప్రతి అడుగూ కంటి ముందు జరుగుతుంది, ఏదీ విరగదు. ఈ పనికి హేన్స్ బుద్ధి కావాలి. చివరికి ఆ లోతు బావుల్లోకి ప్లగ్గు దింపి మర పట్టించేటప్పుడు మాత్రం మళ్లీ మ్యూర్ వేళ్లే కావాలి. ఎక్స్‌టెన్షన్ రాడ్డుని ర్యాచెట్ లేకుండా ఉత్త చేత్తో తిప్పాలి.

అంబాసిడర్ నడిపిన తరానికి ఈ బాధ అంతగా తెలియదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఆ కారులో ఇంజన్ నిలువుగా ఉండేది, రెండు పక్కలా చేతులకి ధారాళంగా చోటుండేది. 1983లో మారుతి 800 వచ్చి ఇంజన్‌ని అడ్డం తిప్పినప్పటి నుంచి మన కార్లలో కూడా ఇంజన్ వెనక వైపు అనే చీకటి ప్రాంతం ఏర్పడింది. మన దగ్గర మాత్రం ఆ చీకట్లోకి వెళ్లేది యజమాని కాదు, మెకానిక్ షెడ్డులో సన్నటి చేతులున్న కుర్రాడు. విజయవాడ ఆటోనగర్‌లోగానీ, ఏ ఊరి బైపాస్ రోడ్డు పక్క షెడ్డులోగానీ పుస్తకం కనిపించదు. ‘వెనక్కి చెయ్యి పెట్రా, పైన తడుము, తగిలిందా, ఇప్పుడు ఎడమకి’ అని మేస్త్రి చెబుతుంటాడు, కుర్రాడు కళ్లు పక్కకి తిప్పుకుని వేళ్లతో వింటాడు. మ్యూర్ రాసింది సరిగ్గా ఆ మాటల్నే. అతని పుస్తకం చదువుతుంటే మనకి అమెరికా హిప్పీ కంటే షెడ్డు మేస్త్రే ఎక్కువ గుర్తొస్తాడు.

2020లో హేన్స్ సంస్థ కొత్త కార్లకి అచ్చు మాన్యువళ్లు వెయ్యడం ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇప్పుడు ఇంటి మెకానిక్ చేతిలో ఉన్నది ఫోను, అందులో వీడియో. వీడియో చాలా మేలు చేసింది. వేలెడు మందం కూడా లేని వైరు చివర కెమెరా ఇప్పుడు చవకగా దొరుకుతుంది, కన్ను పోని చోటుకీ కన్ను పోతోంది. అయినా హేన్స్ జబ్బు వీడియోలకీ వచ్చింది, ఇంకా ముదిరింది. విప్పడం పది నిమిషాలు చూపిస్తారు. బిగింపు దగ్గరికి రాగానే సంగీతం పెట్టి, దృశ్యం పరుగులు తీయించి, అయిపోయిందని చూపిస్తారు. గొట్టం వెనక అంచు మూతి మీద కూర్చుందని ఎలా తెలిసింది? ప్లగ్గు మర పట్టిందని ఏ వేలికి తెలిసింది? కనెక్టర్ లోపలికి పోయినప్పుడు చప్పుడు వినపడిందా, ఊరికే నెట్టి వదిలేశారా? ఇవేవీ ఉండవు. ఇరుకు చోట పనిచేసే మనిషికి తెలియాల్సినవి సరిగ్గా ఇవే.

తెలుగులో ఇంటి మెకానిక్ కోసం ఎవరైనా పుస్తకం రాస్తే, నా కోరిక ఒక్కటే. ఒకే కారు తీసుకోండి, స్విఫ్టో ఆల్టోనో. ఇరవై ఏళ్లు ఆ బండ్లే బాగుచేసిన మేస్త్రి పక్కన కూచోండి. కుర్రాడికి అతను చెప్పే మాటలు ఉన్నవున్నట్టు రాసుకోండి, ముఖ్యంగా భాగం తిరిగి లోపలికి పంపేటప్పుడు చెప్పేవి. కొలతల పట్టిక హేన్స్‌లాగా విడిగా, పెద్ద అక్షరాల్లో వెయ్యండి. బ్రేకు పనికీ, పెట్రోలు లైను పనికీ సులువు దార్లు చెప్పకండి. కారు ఒక్క జాకీ మీద నిలబెట్టి కిందికి దూరొద్దని ప్రతి అధ్యాయం మొదట్లోనూ రాయండి. బైండింగు స్పైరల్ చేయించండి, నేల మీద పరిస్తే పేజీ తిరగబడకుండా ఉండాలి.